మచ్చలన్నీ మంగు కాదు... ముఖానికి మందు రాసే ముందు జాగ్రత్త

మల్యాల: నాట్లు, కలుపుతీత రోజుల్లో మండల గ్రామాల మహిళలు ఉదయం నుంచి సాయంత్రం వరకు ఎండలోనే గడుపుతారు. బుగ్గలు, నుదురు, పైపెదవిపై గోధుమ రంగు మచ్చలు కనిపించగానే మందుల దుకాణంలో తోచిన క్రీము కొనడం పరిపాటిగా మారింది. మచ్చ ఏదో తెలుసుకోకుండా మందు రాస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

కారణాలివీ...
చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. ఇది ఒకచోట అధికంగా తయారైతే నల్లమచ్చలు, తగ్గితే తెల్లమచ్చలు వస్తాయి. మంగుకు ఎండ, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం ప్రధాన కారణాలు. మొటిమలు, కాలిన గాయాలు మానిన చోట కూడా నలుపు మిగులుతుంది. మెడ, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారితే మధుమేహ పరీక్ష చేయించుకోవాలి.

చికిత్స ఇలా...
ఎండ తగలకుండా చూసుకోవడమే మంగుకు తొలి మందు. ముఖానికి కొంగు, రుమాలు కప్పుకోవాలి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని లేపనం రాసుకుని, ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. హైడ్రోక్వినోన్, అజెలాయిక్ ఆమ్లం వంటి మందులను వైద్యుల సలహాపైనే, చెప్పినంత కాలమే వాడాలి. గర్భిణులు హైడ్రోక్వినోన్ వాడరాదు.

స్టెరాయిడ్ కలిసిన క్రీములు తొలి రోజుల్లో తెల్లదనం ఇచ్చినట్లే కనిపిస్తాయి. క్రమేణా చర్మం పలచబడి ఎర్రబారుతుంది. మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మచ్చ తిరిగి వస్తుంది. ఈ ముప్పు దృష్ట్యానే పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ ఉంటేనే విక్రయించాలని కేంద్ర ప్రభుత్వం 2018లో ఆదేశించింది.

తెల్లమచ్చల సంగతి...
బొల్లి అంటువ్యాధి కాదు. శరీర రక్షణ వ్యవస్థే రంగు కణాలను దెబ్బతీయడం వల్ల వస్తుంది. పూతమందులు, కాంతి చికిత్సతో చాలామందికి రంగు కొంతమేరకైనా తిరిగి వస్తుంది. తాకినంత మాత్రాన సోకదు కనుక, ఆడపిల్లకు బొల్లి ఉన్నదని పెళ్లి సంబంధం వదులుకోవడం అర్థరహితం.

స్పర్శ లేని మచ్చను మాత్రం ఉపేక్షించరాదు. పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చపై తాకినా, గిచ్చినా తెలియకపోతే కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బహుళ ఔషధ చికిత్స ఉచితం. వ్యాధి తీవ్రతను బట్టి 6 లేదా 12 నెలలు మందులు వాడితే పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర పోతాయి. ఆ వైకల్యాన్ని మందులు సరిచేయలేవు.

కాబట్టి మచ్చ కనిపిస్తే ముందుగా దుకాణానికి కాదు, ఆసుపత్రికి వెళ్లాలి.