ఉప్పు ఎడారిలో జీబ్రాల బాట.. బోట్స్‌వానా మక్‌గాడిక్‌గాడి సఫారీకి ఏ నెలలో వెళ్తే ఏం కనిపిస్తుంది?

ఆఫ్రికా సఫారీ అనగానే మన ఫోన్లలో కనిపించేది కెన్యా మసాయి మారానే. నది దాటే వైల్డ్‌బీస్ట్ మందలు, కింద నోరు తెరిచిన మొసళ్లు. కానీ అదే ఖండానికి దక్షిణాన, బోట్స్‌వానాలో, కనుచూపు మేరా తెల్లటి ఉప్పు తప్ప ఏమీ కనిపించని చోట కూడా ఏటా వేల జీబ్రాలు వలస వస్తాయి. ఆ చోటు పేరు మక్‌గాడిక్‌గాడి. ప్రపంచంలోని అతిపెద్ద ఉప్పు మైదానాల్లో ఇదొకటి. ఒకే చోటికి జనవరిలో వెళ్లినవాళ్లు, ఆగస్టులో వెళ్లినవాళ్లు తీసుకొచ్చే వీడియోలు చూస్తే ఇవి రెండు వేర్వేరు దేశాలేమో అనిపిస్తుంది. అందుకే టికెట్ కంటే ముందు క్యాలెండర్ చూసుకోవాలి.

అసలు ఈ ఉప్పు ఎక్కడిది?

వేల ఏళ్ల కిందట ఇక్కడ ఒక మహా సరస్సు ఉండేది. దానికి నీళ్లు తెచ్చే నదులు దారి మళ్లాయి, వాతావరణం పొడిబారింది, సరస్సు ఎండిపోయింది. మిగిలింది ఉప్పు. ఇప్పుడున్న మైదానాల్లో సువా, న్ట్వేట్వే పెద్దవి. సువా అంటే స్థానిక సాన్ తెగల మాటలో ఉప్పు అనే అర్థం. ఈ మైదానం కింద ఉన్న ఉప్పునీటి నుంచే సోడా యాష్ తీస్తున్నారు. గాజు తయారీలో వాడేది అదే.

ఉప్పు మీద గడ్డి పరక కూడా మొలవదు. జంతువులన్నీ ఉండేది దాని అంచుల్లోని గడ్డి మైదానాల్లో. వానలు పడ్డాక అక్కడ మొలిచే గడ్డిలో ఖనిజ లవణాలు ఎక్కువ. జీబ్రాలు అంత దూరం నడిచొచ్చేది దాని కోసమే. ఈ దేశానికి వాన ఎంత ముఖ్యమో చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఇక్కడి కరెన్సీ పేరు పులా. ఆ పదానికి అర్థం వాన.

కంచె తీశారు.. జీబ్రాలు కదిలాయి

ఇక్కడి జీబ్రాల కథ మాత్రం కాస్త ఆగి చదవాలి. 1968లో ఒకవాంగో డెల్టాకు, ఈ ఉప్పు మైదానాలకు మధ్య ప్రభుత్వం పెద్ద కంచె వేసింది. అడవి జంతువుల నుంచి పశువులకు రోగాలు రాకుండా చూడటమే దాని ఉద్దేశం. బోట్స్‌వానాలో పశువులంటే ఇంటి సంపద, బీఫ్ ఎగుమతి పెద్ద ఆదాయం. కాబట్టి కంచె వేసినవాళ్లను తిట్టి లాభం లేదు. కానీ దానివల్ల పాత వలస దారి తెగిపోయింది. అది 2004లో తీసేసే వరకు అలాగే ఉంది. అంటే 36 ఏళ్లు.

తీసేసిన కొన్నేళ్లకు పరిశోధకులు డెల్టాలోని జీబ్రాలకు జీపీఎస్ కాలర్లు కట్టారు. వాటిలో కొన్ని తిన్నగా మక్‌గాడిక్‌గాడి వైపు నడవడం చూసి వాళ్లే ఆశ్చర్యపోయారు. పోనూ రానూ కలిపి 500 కిలోమీటర్లకు పైగా నడక. అడవిలో జీబ్రా 36 ఏళ్లు బతకదు. అంటే పాత దారిలో నడిచిన జీబ్రా ఒక్కటి కూడా వీటికి దారి చూపించడానికి మిగిలి ఉండదు. అయినా వెళ్లాయి. ఎలా వెళ్లాయన్నదానికి తేలిగ్గా జవాబు లేదు. వానను, పచ్చికను అనుసరించి వెళ్లాయన్నది ఒక వివరణ. దానికి ఆధారం కూడా ఉంది: బయల్దేరాక వానలు ఆగిపోతే కొన్ని జీబ్రాలు మధ్యలోనే డెల్టాకు తిరిగిపోయాయి.

ఇది కాక మరో వలస ఉంది. నమీబియా సరిహద్దులోని చోబే నది నుంచి న్‌క్సాయ్ పాన్ దాకా, రానూపోనూ దాదాపు 500 కిలోమీటర్లు. దీని వివరాలు ప్రపంచానికి తెలిసింది 2014లోనే! శాటిలైట్లు ఇన్ని ఉన్న కాలంలో ఇంత పెద్ద వలస అంతవరకు వెలుగులోకి రాకపోవడం వింతే.

ఏ నెలలో ఏముంటుంది?

నవంబర్ నుంచి మార్చి వరకు వానాకాలం. జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు గడ్డి మైదానాల్లో ఉంటాయి. నీళ్లు నిండితే సువా పాన్‌కు ఫ్లెమింగోలు వేలల్లో దిగుతాయి. మన పులికాట్‌కు వచ్చే గ్రేటర్ ఫ్లెమింగో ఇక్కడా ఉంటుంది, దాంతోపాటు లెస్సర్ ఫ్లెమింగో కూడా. మడుగు మధ్యలో బురదతో చిన్న దిబ్బ కట్టి ఒక్కటే గుడ్డు పెడతాయి. చుట్టూ నీళ్లుంటే నక్కలు, హైనాలు అక్కడిదాకా రాలేవు. నీళ్లు ముందే ఎండితే మాత్రం ఎగరడం రాని పిల్లలు నీటి కోసం కిలోమీటర్ల కొద్దీ నడవాల్సి వస్తుంది. గూళ్ల దగ్గరికి బండ్లు తీసుకెళ్లొద్దని, డ్రోన్లు ఎగరేయొద్దని అనేది అందుకే. దూరం నుంచి చూడటానికి నాటా పక్షుల కేంద్రం మంచి చోటు.

మే నుంచి అక్టోబర్ వరకు పొడి కాలం. అప్పుడు జీబ్రాలు పడమర వైపున్న బొటేటి నదికి చేరతాయి. ఈ నది కూడా తక్కువదేం కాదు, దాదాపు రెండు దశాబ్దాలు ఎండిపోయి, 2009 ప్రాంతంలో మళ్లీ పారింది. ఉప్పు మీద నడవడం, రాత్రి నక్షత్రాల కింద పడుకోవడం లాంటివన్నీ ఈ కాలంలోనే.

మన లెక్కలో చెప్పాలంటే సంక్రాంతి సెలవుల్లో వెళ్తే జీబ్రాలు, పక్షులు, బురద. వేసవి సెలవుల్లో మే చివర్లో వెళ్తే నది దగ్గర మందలు, ఆరిపోతున్న ఉప్పు. పిల్లలతో వెళ్లేవాళ్లకు రెండోదే సులువు.

ఏ నెలలో వెళ్లినా గ్వేటా ఊరి దగ్గర్లో మీర్‌క్యాట్‌లు ఉంటాయి. ముంగిస జాతి చిన్న జంతువులు. మనుషులకు అలవాటు పడ్డ గుంపులు కొన్ని, కూర్చున్న టూరిస్టు తలెక్కి మరీ డేగ వస్తోందేమో అని కాపలా కాస్తాయి. వీడియో గ్యారంటీ. కానీ అవి పెంపుడువి కావు, తినడానికి ఏమీ పెట్టకూడదు, చేత్తో పట్టుకోకూడదు.

బయోబాబ్ చెట్లు చూడాలనుకుంటే 1862లో చిత్రకారుడు థామస్ బేన్స్ బొమ్మ గీసిన చెట్ల గుంపు ఇప్పటికీ నిలబడే ఉంది. చాప్‌మన్స్ బయోబాబ్ అనే మహావృక్షం మాత్రం 2016 జనవరిలో కూలిపోయింది.

బండి విషయంలో జాగ్రత్త

పైకి గట్టిగా సిమెంటు గచ్చులా కనిపిస్తుంది. కానీ అది సన్నటి పొర. కింద జారుడు బురద. 2007లో బీబీసీ 'టాప్ గేర్' టీమ్ కార్లతో ఈ మైదానం దాటడానికి ఎంత తంటాలు పడిందో, బరువు తగ్గించుకోవడానికి డోర్లతో సహా ఎలా పీకేసిందో చాలామంది చూసే ఉంటారు. వానాకాలంలో సొంతంగా డ్రైవింగ్ వద్దే వద్దు. ఎండాకాలంలో అయినా పాత చక్రాల జాడ వదిలి పక్కకు వెళ్లకూడదు, ఒక్క బండితో వెళ్లకూడదు. పొరపాటున దిగబడితే సాయం రావడానికి గంటలు కాదు, రోజులు పట్టొచ్చు. పైగా ఆ పొర మీద పడిన టైరు గీతలు ఏళ్ల తరబడి చెరగవు.

చాలామంది జోహన్నెస్‌బర్గ్ మీదుగా మౌన్ విమానాశ్రయానికి చేరి, అక్కడి నుంచి లాడ్జ్ బండిలో వెళ్తారు. ఉత్తర బోట్స్‌వానాలో వానల కాలంలో మలేరియా ఉంటుంది, బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి మాత్రలు తీసుకోవాలి. జూన్, జులైలో వెళ్తే ఎడారే కదా అని కాటన్ బట్టలతో సరిపెట్టకండి. అక్కడ అది చలికాలం, తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి దిగుతుంది. స్వెట్టర్, మంకీ క్యాప్ బ్యాగులో ఉండాల్సిందే.