పగయా, వగయా?



ఈ రెండు మాటలను ఒకసారి నెమ్మదిగా చూడుడి: పగ, వగ. మొదటిది విరోధము, రెండవది దుఃఖము. పొరుగువానిమీద కత్తి నూరుచున్న వానికి "పగ మానుము" అను మాట కావలెను. బిడ్డను పాతిపెట్టి ఇల్లు చేరిన తల్లికి "వగ మానుము" అను మాట కావలెను. అర్థములో ఇంత దూరమున్న ఈ రెండు మాటలకు అచ్చులో నున్న దూరమెంత? 'ప'లో తలకట్టు అక్షరపు మేనికి అంటక పైన విడిగా నిలుచును. 'వ'లో అది మేనికి అంటుకొని యుండును. వెండ్రుకవాసి తెల్లని సందు సిరాతో మూసికొనిపోయినచో పగ కాస్త వగ యగును.

ఈ సంగతి నేను పుస్తకములో చదివి తెలిసికొన్నది కాదు, సిగ్గుపడి నేర్చుకొన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట సికింద్రాబాదులో ఒక చిన్న అచ్చుకూటమున ఒక కరపత్రము నా చేతిమీదుగా అచ్చైనది. సమాధానమును గూర్చిన కరపత్రమది. దాని తలమీద "పగ మానుడి" అని ఉండవలెను. కంటికి ఇంపుగా నుండునని బొద్దైన, వంపులు తిరిగిన అక్షరములను ఏరుకొంటిమి. ప్రూఫును మూడుసార్లు చదివితిని, మూడుసార్లును బాగున్నదంటిని. కరపత్రములు ఊళ్లకు వెళ్లినవి. ఒక ఊరి సంఘపెద్ద ఆదివారమునాడు దానిని చేతపట్టుకొని "వగ మానుడి" అని చదివి, దుఃఖించువారికి ఓదార్పు చెప్పి కూర్చుండెను. గట్టు తగాదాతో మాటలు మానుకొన్న అన్నదమ్ములిద్దరు ఆ దినమున ఆ గుడిలోనే చెరియొక మూలను కూర్చుండి యుండిరట. వారికి రావలసిన మాట వారికి రాలేదు. బడికి పోవు ఒక పిల్ల కరపత్రమును తిప్పి చూచి, "లోపలనంతయు తగవులను గూర్చియే ఉన్నదే, పైన వగ అని ఎందుకున్నది?" అని అడిగినదట. తప్పు పెద్దది కాదు, దానిని చూడని కన్ను నాది.

మూడుసార్లు చదివియు ఎందుకు కనబడలేదు? మనము చదువునప్పుడు అక్షరమక్షరము చూడము. మాటకు మాట ఒక బొమ్మవలె కంటికి తగులును, మిగిలినది మనస్సు నింపుకొనును. ఏమి వ్రాసితిమో ముందే తెలిసినవాడు అచ్చులో నున్నది గాక తన తలలో నున్నది చదువుకొనును. కాబట్టి అచ్చుతప్పునకు మనవారు పెట్టిన 'ముద్రారాక్షసము' అను పేరు తగినదే. నాటకము పేరును పరిహాసముగా వాడిన మాట యైనను, రాక్షసునివలె అది మాయరూపమున తిరుగును.

ఈ రాక్షసుడు పెద్దలనుకూడ విడువలేదు. 1631వ సంవత్సరమున లండనులో రాబర్టు బార్కరు, మార్టిను లూకాసు అను రాజముద్రాపకులు ఒక బైబిలును అచ్చువేసిరి. పది ఆజ్ఞలలో ఏడవదానియందు నిషేధమును తెలుపు ఒక చిన్న మాట జారిపోయినది. వ్యభిచారము వలదన్న ఆజ్ఞ, చేయుమన్న ఆజ్ఞగా మారినది. మొదటి చార్లెసు రాజు ఆగ్రహించెను. వారికి 300 పౌనుల జరిమానా పడినది. దొరికిన ప్రతులను పోగుచేసి నాశనము చేసిరి. మిగిలిన కొద్ది ప్రతులకు 'దుష్ట బైబిలు' అను పేరు నేటికిని ఉన్నది.

మన తెలుగులో అపాయము ఇంకను సూక్ష్మమైనది. ఇంగ్లీషులో నిషేధమునకు వేరుగా ఒక మాట యున్నది. మనకు అది క్రియ కడుపులోనే దాగియుండును. చేయుము, చేయకుము అను రెంటి నడుమ నున్నది ఒక్క 'క'కారమే. ఆజ్ఞ అంతయు ఆ ఒక్క అక్షరముమీద నిలిచియున్నది.

ఇంత బరువు మోయు అక్షరములు మనకు ఎట్లు వచ్చినవో కొంచెము వినుడి. తెలుగులో మొదటి అచ్చుపుస్తకములు తెలుగుదేశములో పుట్టలేదు. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకొన్న బెంజమిను షుల్జు స్వదేశమునకు మరలి, జర్మనీలోని హాలె నగరమున 1746లో వాటిని అచ్చువేయించెను. అటుపిమ్మట 1805లో జార్జి క్రాను, అగస్టసు దే గ్రాంజి విశాఖపట్టణము చేరి, ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. బెంగాలులోని శ్రీరామపురమున విలియం కేరీ, ఆయన తోటివారు అనేక భారతీయ భాషలకు అచ్చక్షరములు పోతపోయించిరి. 1812 మార్చి 11వ తేదీ రాత్రి ఆ అచ్చుకూటము కాలిపోయినది. సీసపు అక్షరములు కరిగి ముద్దలైనవి, వ్రాతప్రతులు బూడిదయైనవి. అయితే ఉక్కుతో చెక్కిన మూల అచ్చులు ఆ బూడిద క్రింద చెడక దొరికినవి. వాటితో మరల అక్షరములు పోతపోసికొని పని సాగించిరి. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో అక్కడనే వెలువడినది.

ఉక్కు అచ్చు చెక్కువాని పని ఎట్టిదో ఆలోచించుడి. వాడు ఉక్కుముక్క కొనమీద అక్షరమును తిరుగవేసి చెక్కును. దానిని రాగిమీద కొట్టి గుంట చేయుదురు. ఆ గుంటలో కరిగిన సీసము పోయుదురు. చెక్కినవాడు 'ప' తలమీది సందును ఇరుకుచేసెనా, ఆ ఇరుకు ప్రతి పుటలోను, ప్రతి మాటలోను దిగును. అక్షరమును స్పష్టముగా చెక్కినవాడు ఎన్నడును చూడని చదువరికి మేలు చేసెను.

సరిచూచుట అను పనిని మనకు నేర్పినవారిలో చార్లెసు ఫిలిప్పు బ్రౌను ఒకడు. ఆయన కడపలో పండితులకు జీతములిచ్చి, ఒకే గ్రంథమునకు ఊరూర దొరికిన వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన పెట్టించి పోల్పించెను. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యములును, 1852లో వెలువడిన నిఘంటువును అట్టి ఓర్పుకు ఫలములు. ఇందులో ఒక మర్మమున్నది. ఒకే చేతివ్రాతను పదిసార్లు చూచినను దాని తప్పు దాగియే యుండును. రెండవ చేతివ్రాతను దాని ప్రక్కన పెట్టినంతనే తప్పు తల యెత్తును. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి, మరల దీనియొద్దకు వత్తుము.

వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో స్థాపించిన అచ్చుకూటమునకు పేరు తెచ్చినదియు ఈ శ్రద్ధయే. వావిళ్లవారి ప్రతి యనగా నమ్మదగిన ప్రతియని పండితులు ఎంచిరి.

మన సికింద్రాబాదునకును ఈ చరిత్రలో పాలున్నది. వట్టికోట ఆళ్వారుస్వామి బీదతనములో పెరిగి, హోటలులో పనిచేసి, తరువాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దెను. ఆ పత్రికను సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించెను. తెలుగు పుస్తకము దొరకుటయే కష్టమైన నిజాము కాలమున, 1938లో, ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకములను తానే మోసికొనిపోయి ఊళ్లలో అమ్మెను. 1961లో మరణించిన ఆయనను లోకము రచయితగాను, ఉద్యమకారునిగాను ఎరుగును. ఇతరుల వాక్యములలో తప్పులు వెదకుచు కూర్చున్న ఆ దినములను తలచువారు తక్కువ. ప్రూఫు దిద్దువాని పని అట్టిది. బాగుగా చేసినచో ఎవ్వరికిని కనబడదు.

ఇప్పుడు అక్షరముల సంగతికి వత్తుము. మన లిపి గుండ్రనిది, అందమైనది. ఆ గుండ్రదనమే ప్రూఫు చూచువానికి ఉరి. 'మ'కు 'య'కు తోక ఒకటే, మొదటి భాగములోనే భేదము. 'ర' నడుమ చుక్క పెట్టినచో 'ఠ' యగును. 'ద' క్రింద గీత గీచినచో 'ధ' యగును, దాని నడుమ చుక్కయు చేరినచో 'థ' యగును. కథ అనుటకు కధ అని ఎన్ని పుస్తకములలో చూడలేదు! ఇవి తప్పని తెలిసిపోవు తప్పులు. తెలియకుండ పోవునవి మరికొన్ని యున్నవి. వరము, పరము, పాలు, వాలు, పాడి, వాడి, మేలు, యేలు. ఇందు తప్పుబడిన మాటయు మంచి తెలుగు మాటయే. నిఘంటువు దానిని పట్టదు, కంప్యూటరు దానిని పట్టదు. స్పష్టమైన అక్షరమును చూచు మనుష్యుని కన్నే పట్టవలెను.

సీసపు అక్షరముల కాలము గడచినది. నేడు అక్షరములు కంప్యూటరు తెరమీద పుట్టుచున్నవి. 1991లో వెలువడిన యూనికోడు పట్టికలో తెలుగునకును చోటు దొరికినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 అను రెండు ఫాంటులను రూపొందించి తెలుగువారికి ఇచ్చెను. పోతనలో గీత కలముతో వ్రాసినట్లు లావుగాను సన్నముగాను సాగును. వేమనలో గీత అంతటను ఇంచుమించు ఒకే మందము. రామభద్ర వంటి బొద్దైన ఫాంటులు గోడపత్రికలకును శీర్షికలకును తగినవి. వాటితో ప్రూఫు చదువుట రాత్రివేళ నల్లపూసలు ఏరుటయే.

ఇంగ్లీషు చదువరులకును ఈ చిక్కు కలదు. వారికి ఒకటి అను అంకెయు, చిన్న 'ఎల్' అక్షరమును, పెద్ద 'ఐ' అక్షరమును ఒకేరీతిగా కనబడును. సున్నయు 'ఓ' అక్షరమును అంతే. పాత పుస్తకములను సరిచూచి అందరికి ఉచితముగా అందించుటకు 2000లో చార్లెసు ఫ్రాంక్సు ప్రారంభించిన డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ అను సంఘమువారు దీనికి విరుగుడుగా ప్రూఫుల కొరకే ఒక ఫాంటును చేయించుకొనిరి. అది చూచుటకు అందముగా నుండదు. అయితే ఒక అక్షరమును మరియొకటిగా పొరపడనియ్యదు. తప్పును పట్టుటకు అందము కాదు, భేదము కావలెనని వారు గ్రహించిరి.

చదువరులారా, మీ సంఘములోను వార్షికోత్సవ పత్రికయో, పాటల కాగితమో, పెండ్లి పత్రికయో అచ్చువేయింతురు గదా. అప్పుడు ఇట్లు చేయుడి. అచ్చు ఏ ఫాంటులో కావలెనో కానిండు, ప్రూఫును మాత్రము సాదా ఫాంటులో, పెద్ద అక్షరములతో, పంక్తుల నడుమ వత్తులు ఒకదానినొకటి తాకనంత ఎడముతో తీయించి చదువుడి. పిమ్మట అచ్చునకు పోవు రూపములో మరల చదువుడి. బ్రౌను పండితులు రెండు ప్రతులను పోల్చినట్లే ఇది. కొత్త వేషములో పాత వాక్యము కంటికి కొత్తదగును, దాగిన తప్పు బయటపడును. వ్రాసినవానిచేత ఒంటరిగా చదివింపకుడి. ఒకరు వ్రాతప్రతిని బిగ్గరగా చదువగా మరియొకరు ప్రూఫు చూడవలెను. పేర్లను, తేదీలను, వచనముల సంఖ్యలను వేరుగా మరియొకసారి చూడుడి. శీర్షికను మరువకుడి. అందరు చదువునది అదే, ఎవ్వరు దిద్దనిదియు అదే. నాకు జరిగినది అదియే.

కొండమీది ప్రసంగములో ధర్మశాస్త్రమందలి మిక్కిలి చిన్న అక్షరమును, చిన్న గీతను గూర్చిన మాటను తెనిగించినవారు, ఆ రెంటికి బదులుగా మన పొల్లును, మన సున్నను పెట్టిరి. తెలుగు వ్రాయువాడు ఎంత సులువుగా పోగొట్టుకొనగలడో వారెరుగుదురు.

ఆ కరపత్రమును దిద్ది మరల అచ్చువేయించి ఆ ఊరికి పంపితిని. పెద్ద దానిని ఆ తరువాతి ఆదివారమున చదివెనట. అన్నదమ్ములు ఏమిచేసిరో నాకు వ్రాయలేదు. వారి మాట వారికి చేరినది; అంతవరకే నా పని. మీ చేతికి వచ్చు తదుపరి కాగితముమీద 'ప' తల నొకసారి చూడుడి. ఆ సందులో తెలుపు కనబడుచున్నదా?