కరవునాటి కాలువ

మా పావగడ తాలూకా వారికి నీరన్నచో చెరువు, బావి. పడవ నెక్కుటకు మేము ఉద్యోగవిరమణ వరకు ఆగవలసివచ్చినది. తీరదర్శనాభిలాషతో పులికాటు చేరి, మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన ఆ సరస్సున పడవ నెక్కితిమి. డచ్చివారు 1613లో అచ్చట గెల్డ్రియా కోటను కట్టిరి. నేడు వారి సమాధుల రాళ్లు చూడదగియున్నవి.

కాని మా మనస్సును పట్టినది కోట కాదు, బకింగుహాము కాలువ. 1806లో బాసిల్ కాక్రేన్ దానిని చెన్నపట్నమునుండి ఎన్నూరు వరకు 11 మైళ్లు త్రవ్వించెను. పిదప అది సముద్రము వెంబడి పెదగంజాము వరకు పెరిగి కృష్ణా కాలువలతో కలిసెను. ధాన్యము, ఉప్పు, వంటచెరకు పడవలపై పట్నము చేరెడివి. గాలి యున్న తెరచాప. లేనిచో ఒడ్డున నడచుచు త్రాడు లాగు మనుష్యులు.

1876-78 నాటి ధాత కరవు మా మైసూరు సీమను, రాయలసీమను, చెన్నరాజధానిని కలిపి కాల్చినది. అప్పుడే పట్నమున కూవము, అడయారు నదుల నడుమ 5 మైళ్ల కాలువను కరవు కూలీలు త్రవ్విరి. వ్యయము 30 లక్షల రూపాయలు. 1878లో గవర్నరగు బకింగుహాము ప్రభువు పేరు కాలువకు పెట్టిరి. గుమాస్తాగిరిలో తల నెరసిన మాకు, ఆ కూలీల చిట్టా ఎచ్చట నున్నదో యని తోచెను.

రైళ్లు, రోడ్లు సరకును లాగికొనెను. తుపానులు గట్లను తెంచెను. పూడిన కాలువను వ్రేలితో చూపి మా పడవవాడు, "మా తాత ఇందులోనే కట్టెల పడవ లాగినాడయ్యా" అనెను.