కావలి, కట్టుబడి, కుంఫిణీ

కొలిమిగుండ్ల పరిసరములలో మీఁద నల్లరేగడి, దాని క్రింద పొరలుపొరలుగా నాపరాయి. బెలుం గుహలును ఆ సున్నపురాతి సృష్టియే. ప్రకృతి యింత యిచ్చిన చోట కలిమి యేల యాలస్యముగా వచ్చెనన్న, వానలేమిని చూపువారు సగమే చెప్పుచున్నారని నా యభిప్రాయము.

తక్కిన సగము కావలి చరిత్రలో నున్నది. పాళెగాండ్ర కాలమున కావలిగాండ్రకును, కట్టుబడులనఁబడు బంట్లకును ఇనాము భూములుండెడివి, రైతులు పంటలో మేర కొలిచి యిచ్చెడివారు. అందులకు ప్రతిగా కొట్టములోని యెద్దు పోయినను, గాదెకు కన్నము పడినను, దొంగను పట్టి యీయవలెను, లేదా ఆ సొమ్మును కావలివాఁడే అచ్చుకొనవలెను. ఇది రామరాజ్యమని భ్రమపడరాదు. రుసుము చెల్లింపని యూరి పశువులను తోలుకొనిపోయినవారును తఱచుగా ఆ కావలివారే. ఐనను నష్టమున కెవరిని నిలదీయవలెనో రైతునకు తెలిసియుండెను.

1800లో నిజాము ఈ సీమతోఁ గూడిన దత్తమండలములను కుంఫిణీ కప్పగింపఁగా, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో ఇంచుమించు 80 మంది పాళెగాండ్ర నణచి, కొందఱికి తవర్జీలు, అనఁగా భరణములు, ఏర్పఱచి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. రైతు చేతికి పట్టా వచ్చుట సామాన్య విషయము కాదు. కాని శిస్తు మోయరానిది. నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో మన్రోయే సిఫారసు చేసినను, ఆయన 1820లో గవర్నరై తిరిగి వచ్చిన పిదపఁగాని అది యమలు కాలేదు.

కట్టుబడుల ఇనాములను సర్కారు లాగికొనుచున్న కాలముననే, నొస్సం పాళెగాని దౌహిత్రుఁడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోరిన తవర్జీ నిరాకరింపఁబడెను. ఆయన తిరుగఁబడఁగా 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా కొల్లవోయెను. 1847 ఫిబ్రవరి 22న అదే యూర నాయన నురితీసిరి. జనపదములు వీరుని పాడుకొనుట సహజమే. నా చూపు మాత్రము ఆయన వెంట నడచిన కట్టుబడులపై నిలుచును. వారి మాన్యముతోపాటు వారు మోసిన పూచీయు రద్దయ్యెనను సంగతి కచేరీలో నెవరికిని పట్టలేదు.

1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చెను, ఠాణాలు వెలసెను. దొంగ దొరకిన జైలు. దొరకకున్న, పోయిన యెద్దు రైతుదే.