రెండుసార్లు చీలే కణం

ఉత్తర జర్మనీలో బాల్టిక్ తీరాన కీల్ అనే రేవుపట్టణం ఉంది. 1876లో వాల్తర్ ఫ్లెమింగ్ అక్కడి విశ్వవిద్యాలయానికి శరీర నిర్మాణ శాస్త్రం ఆచార్యుడిగా వచ్చాడు. పెన్సిలిన్ పేరుతో మనకు తెలిసిన ఫ్లెమింగ్ కాదు. ఆ ఫ్లెమింగ్ అప్పటికి పుట్టనే లేదు. ఈయనకు పట్టిన పిచ్చి ఒకటే. కణం రెండుగా చీలేటప్పుడు లోపల ఏం జరుగుతుంది?

కణం నుంచే కణం పుడుతుందని అప్పటికి అందరూ ఒప్పుకున్నారు. ఎలా పుడుతుందన్నదే తేలలేదు. విభజనకు ముందు కేంద్రకం కరిగిపోతుందని, తర్వాత కొత్తది తయారవుతుందని చాలామంది అనుకునేవారు. ఫ్లెమింగ్ సాలమాండర్‌ను ఎంచుకున్నాడు. చూపుకు బల్లి, జాతికి కప్పల చుట్టం. దాని పిల్లల తోక అంచూ మొప్పలూ వెలుతురు పారేంత పలచన, కణాలు మాత్రం బాగా పెద్దవి. ఇక రంగులు. బొగ్గు తారు నుంచి తీసిన అనిలీన్ రంగులు అప్పట్లో బట్టల అద్దకంలో కొత్త సరుకు. వాటిలో కొన్ని కేంద్రకంలోని పదార్థానికే గట్టిగా అంటుకుని మిగతా కణాన్ని వదిలేసేవి. అద్దకం పరిశ్రమ లేకపోతే ఈ కథ ఇంకో పాతికేళ్లు ఆలస్యమయ్యేదని నా అనుమానం.

రంగు వేసి చూస్తే కేంద్రకంలో దారాలు కనిపించాయి. విభజన దగ్గరపడేకొద్దీ అవి పొట్టిగా, లావుగా మారి కణం నడుమ వరసకట్టేవి. ఒక్కో దారం నిలువునా రెండుగా చీలి ఉండేది. తర్వాత ఆ చీలికలు రెండు గుంపులుగా విడిపోయి, ఎదురెదురు కొసలకు చేరి, రెండు కేంద్రకాలయ్యేవి. బతికున్న కణాల్లోనూ చూసి ఈ దశల వరస సరిచూసుకున్నాడు ఫ్లెమింగ్. 1882లో ఈ వివరమంతా పుస్తకంగా వచ్చింది. ఆయన దీనికి పెట్టిన పేరు మైటోసిస్. మన పాఠ్యపుస్తకాల్లో సమవిభజన. ఆ దారాలను క్రోమోజోమ్‌లని పిలవడం ఇంకో ఆరేళ్లకు, 1888లో వాల్డేయర్‌తో మొదలైంది.

ఫ్లెమింగ్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, అంటే 1883లో, విల్‌హెల్మ్ రూ అనే మరో జర్మన్ ఒక మంచి ప్రశ్న వేశాడు. కేంద్రకాన్ని రెండుగా చేయడమే పనైతే నడిమికి నొక్కి తెంపితే సరిపోతుంది కదా, ఇంత తతంగం ఎందుకు? దారం పొడవునా రకరకాల సరుకు వరసగా ఉండి ఉండాలి, ఏదీ ఒక్క వైపే పోకుండా ఉండాలంటే నిలువునా చీలడమే మార్గం అని ఆయనే జవాబు చెప్పాడు. సరుకేమిటో ఎవరికీ తెలియని రోజుల్లో వేసిన అంచనా అది.

సమవిభజన గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. ప్రతి క్రోమోజోమూ ఒక నకలు తయారు చేసుకుంటుంది, కణం ఒకసారి చీలుతుంది, రెండు పిల్ల కణాలకూ పూర్తి సెట్టు అందుతుంది. మన చర్మం, పేగు పొర, ఎముకల్లో రక్తం తయారయ్యే చోటు, అన్నీ రోజూ చేస్తున్న పని ఇదే. 46 క్రోమోజోమ్‌లున్న కణం నుంచి 46, 46.

చిక్కు ఇంకో వైపు నుంచి వచ్చింది. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ గుడ్లలో ఫలదీకరణాన్ని కళ్లారా చూసి రాశాడు. శుక్రకణం కేంద్రకం అండం కేంద్రకంతో కలిసి ఒకటవుతోంది. మరి తల్లి సెట్టు, తండ్రి సెట్టు కలిస్తే బిడ్డకు రెట్టింపు రావాలి. మనవడికి నాలుగింతలు. పది తరాలకు వెయ్యి రెట్లు దాటుతుంది. ఏ జీవిలోనూ అలా జరగడం లేదు. ఎక్కడో, ఎప్పుడో సగం తగ్గుతోంది.

ఆ సగాన్ని ముందుగా లెక్కపెట్టింది బెల్జియంలోని లియేజ్ నగరంలో ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్. ఆయన సరుకు ఏమంత ముచ్చటైనది కాదు: గుర్రం పేగుల్లో ఉండే ఏలికపాము. కానీ దానికో వరం ఉంది. క్రోమోజోమ్‌లు పెద్దవి, పైగా నాలుగే నాలుగు, కొన్నింటిలో రెండే. డజన్లకొద్దీ చిక్కుపడ్డ దారాల మధ్య లెక్క తప్పవచ్చు, నాలుగింటిలో తప్పదు. 1883లో ఆయన చూపించినది ఇది: అండం కేంద్రకంలో రెండు, శుక్రకణం నుంచి వచ్చిన కేంద్రకంలో రెండు, ఫలదీకరణ అయ్యాక నాలుగు. చూసినదంతా నిజమే, చెప్పిన కారణం మాత్రం నిలవలేదు. ప్రతి కణంలోనూ ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయని, అండం తనలోని మగ భాగాన్ని బయటికి తోసేస్తుందని ఆయన నమ్మాడు. అండం పక్కన చిన్న బొట్టులా రాలే కణాలు, అంటే ధ్రువ దేహాలు, ఆ తోసేసిన భాగమేనట.

అసలు సంగతి పట్టుకున్న మనిషికి సరిగా కళ్లు కనిపించేవి కావు. ఫ్రైబుర్గ్‌లో ఆగస్ట్ వైస్‌మన్ మొదట సూక్ష్మదర్శినితోనే బతికినవాడు. చూపు దెబ్బతిన్నాక ఆలోచననే సాధనంగా చేసుకున్నాడు. చూడాల్సింది ఉంటే శిష్యులు చూసిపెట్టేవారు. తరతరాల ఎలుకల తోకలు కోయించి, పుట్టే పిల్లలకు తోక తగ్గదని చూపించినవాడు ఈయనే. 1887లో ఆయన వాదన ఇలా సాగింది. వంశ పదార్థం ప్రతి తరంలో రెట్టింపు కాకూడదు. నిలువునా చీలే విభజనతో అది తగ్గదు, ఎందుకంటే అక్కడ ప్రతి దారానికీ జోడీ నకలు ఉంది. కాబట్టి ఇంకో రకం విభజన ఉండి తీరాలి. అందులో దారాలు చీలకుండా, మొత్తం దారాలే సగం ఇటు, సగం అటు పంచుకోవాలి. అండంలో ఉంటే శుక్రకణంలోనూ ఉండాలి. ఎవరూ స్పష్టంగా చూడని సంఘటన ఇది. కాగితం మీద లెక్కగా పుట్టింది. జీవశాస్త్రంలో ఇలాంటి జోస్యాలు అరుదు, ఫలించేవి ఇంకా అరుదు.

1890 నాటికి సాక్ష్యం దొరికింది, మళ్లీ ఏలికపాములోనే. థియోడోర్ బొవేరి అండాల్లోనూ, హెర్ట్‌విగ్ అండాలనూ శుక్రకణాలనూ పక్కపక్కన పెట్టీ చూశారు. మాతృకణం వెంటవెంటనే రెండుసార్లు చీలుతోంది. ఆ రెండు చీలికల మధ్య కొత్త నకళ్లు తయారు కావడం లేదు. ఒకే నకలు, రెండు విభజనలు: సగం అయ్యే కిటుకు అంతా అక్కడే ఉంది. మగ వైపు నాలుగు శుక్రకణాలు వస్తాయి. ఆడ వైపు ఒక పెద్ద అండం, దాని పక్కన రాలిపోయే బుల్లి ధ్రువ దేహాలు. వాన్ బెనెడెన్ మగ భాగం అనుకున్నవి అండానికి తోబుట్టువులే అన్నమాట. తిండి నిల్వంతా ఒక్కదానికే దక్కి, మిగతావి ఎండిపోతాయి.

ఆ తర్వాత పదిహేనేళ్లపాటు ప్రయోగశాలల మధ్య పెద్ద కొట్లాట జరిగింది. రెండింటిలో ఏ విభజనలో తగ్గుతోంది? నాలుగు పోగుల కట్టలా కనిపించేది అడ్డంగా విరిగినదా, నిలువునా చీలినదా? ఆ వాదాలను ఇప్పుడు చదివితే తలనొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. మిగిలినవి రెండు గమనింపులు. హాన్స్ వాన్ వినివార్టర్ కుందేలు అండాశయంలో పలచటి దారాలు పక్కపక్కన జతకట్టడం చూశాడు. 1901లో అమెరికాలో థామస్ మాంట్‌గోమరీ, అలా జతకట్టేవాటిలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది అయి ఉండాలన్నాడు.

దాన్ని మెండెల్ సూత్రాలకు ముడివేసినవాడు కాన్సస్ రైతు కొడుకు వాల్టర్ సట్టన్. తండ్రి పొలంలో దొరికే పెద్ద మిడతలను పట్టుకుని, వాటి వృషణాలను తీసి అద్దాల మీద పరిచేవాడు. మగ మిడతలో 11 జతలు, ఒక ఒంటరి క్రోమోజోమ్. జతల పొడవులు వేరువేరుగా ఉండటంతో ఎవరి జోడీ ఎవరో గుర్తుపట్టవచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా 1902, 1903ల్లో ఆయన రాసిన రెండు వ్యాసాల సారం ఇది: జోడీలు కలుస్తాయి, విడిపోతాయి, ఒక్కో బీజకణానికి, అంటే అండానికో శుక్రకణానికో, జోడీలో ఒక్కటే చేరుతుంది. 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చిన మెండెల్ బఠానీ లెక్కలు అచ్చంగా ఇదే చెబుతున్నాయి. అంత పని చేసి ఆ చదువు పూర్తి చేయకుండానే కాన్సస్ చమురు బావుల దగ్గర యంత్రాలు తయారు చేయడానికి వెళ్లిపోయాడు. తర్వాత సర్జన్ అయ్యి, 1916లో అపెండిక్స్ జబ్బుతో 39 ఏళ్లకే చనిపోయాడు.

1905లో ఫార్మర్, మూర్ అనే ఇద్దరు ఇంగ్లిష్ శాస్త్రవేత్తలు ఈ జంట విభజనకు పెట్టిన పేరే నేటి మియోసిస్. తెలుగులో క్షయకరణ విభజన.

ఇప్పుడు తేడా సూటిగా చెప్పుకోవచ్చు. ఒకే కావ్యానికి పుట్టింటి నుంచి ఒక తాళపత్ర ప్రతి, అత్తింటి నుంచి ఒక ప్రతి వచ్చాయనుకోండి. కథ ఒకటే, అక్కడక్కడ పాఠభేదాలు. సమవిభజనలో రెండు ప్రతులకూ నకళ్లు రాయించి, రెండు కొత్త ఇళ్లకూ రెండేసి ప్రతులు పంపుతారు. ఒక ప్రతికి ఇంకో ప్రతితో పనే లేదు. క్షయకరణ విభజనలోనూ ముందు నకళ్లు రాస్తారు, కానీ ఆ తర్వాత పుట్టింటి కట్టనూ అత్తింటి కట్టనూ పక్కపక్కన పరిచి కొన్ని ఆకులు అటూ ఇటూ మారుస్తారు. మొదటి విభజనలో విడిపోయేవి ఈ రెండు కట్టలు. అసలూ నకలూ ఇంకా కలిసే ఉంటాయి. అవి విడిపోయేది రెండో విభజనలో, అదీ అచ్చంగా సమవిభజన తీరులోనే.

అంటే కొత్తదనమంతా మొదటి విభజనలో ఉంది. మనిషిలో 23 జతలు. ఏ జతలో తల్లిది ఎటు పోతుందో మరో జతకు పట్టదు. మిడతల్లోనే 1913లో ఎలినార్ కరోథర్స్ దీన్ని చూపించింది: జోడీల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉన్న జతను గుర్తుపెట్టుకుని, అది ఎటు పోతుందో లెక్కపెడితే సగం సగం తేలింది. ఆ లెక్కన ఒక మనిషి ఇవ్వగల కలయికలు 83,88,608. ఆకుల మార్పిడి ఇందులో కలపలేదు.

ఆ మార్పిడిని పట్టుకున్నది బెల్జియంలోనే, లూవెన్‌లో. ఫ్రాన్స్ అల్ఫోన్స్ యాన్సెన్స్ అనే కేథలిక్ మతగురువు సాలమాండర్ కణాల్లో జతకట్టిన క్రోమోజోమ్‌లు అక్కడక్కడ కత్తెర గుర్తులా అడ్డంగా దాటుకోవడం చూసి, 1909లో ధైర్యంగా ఒక మాటన్నాడు: అక్కడ నాలుగు పోగుల్లో రెండు తెగి, ఎదుటిదానితో అతుక్కుంటున్నాయి. చాలామంది నమ్మలేదు. కానీ న్యూయార్క్‌లో పండ్ల ఈగలు పెంచుతున్న థామస్ హంట్ మోర్గాన్‌కు సరిగ్గా అలాంటిదే కావాలి. ఒకే క్రోమోజోమ్ మీద ఉండాల్సిన లక్షణాలు ఈగల్లో అప్పుడప్పుడు విడిపోతున్నాయి. కళ్లారా రుజువు దొరికింది మాత్రం 1931లో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో మొక్కజొన్న మీద. రెండు కొసల్లోనూ సూక్ష్మదర్శినికి అందే గుర్తులున్న తొమ్మిదో క్రోమోజోమ్‌ను హ్యారియట్ క్రైటన్, బార్బరా మక్లింటాక్ ఎంచుకున్నారు. గింజ లక్షణం మారిన చోటల్లా క్రోమోజోమ్ గుర్తూ మారింది. త్వరగా ప్రచురించమని వాళ్లను తొందరపెట్టింది మోర్గానే. మంచిదయింది, బెర్లిన్‌లో కర్ట్ స్టెర్న్ ఈగల్లో అదే రుజువుతో వాళ్ల వెనకే వచ్చాడు.

ఈ తెగడం ప్రమాదం కాదని, కణం కావాలని చేసే పనేనని తర్వాత తేలింది. తెంపే ప్రోటీన్ స్పో11 అని 1997లో ఈస్ట్‌లో గుర్తించారు. మనలోనూ అలాంటిదే ఉంది. తెగి అతుక్కున్న చోట్లకు వైవిధ్యం ఇవ్వడం ఒక్కటే పని కాదు. అవే జోడీని కలిపి పట్టుకునే ముళ్లు. క్రోమోజోమ్‌లను కొసలకు చేర్చే కండె పోగులు రెండు వైపుల నుంచీ లాగుతున్నప్పుడు ఆ ముడి బిగుసుకుంటేనే వరస కుదిరిందని కణానికి తెలుస్తుంది. ముడి లేని జోడీలు చాలాసార్లు దారితప్పి, రెండూ ఒకే వైపు పోతాయి. (మోర్గాన్ ఈగల్లో మగవాటికి ఈ మార్పిడే లేదు. అవి ఇంకో పద్ధతిలో నెట్టుకొస్తాయి. ప్రకృతిలో ప్రతి నియమానికీ ఇలాంటి ఓ అల్లరి ఉంటుంది.)

మనుషుల్లో ఆడ, మగల తేడా ఇక్కడే పెద్దది. మగవారిలో ఈ పని యుక్తవయసులో మొదలై ఆగకుండా సాగుతుంది. ఆడపిల్లలో మొదటి విభజన తల్లి కడుపులోనే మొదలై, జోడీలు ముడిపడ్డ దశలో ఆగిపోతుంది. ఆమె పెద్దదై, ఆ అండం విడుదలయ్యే నెలలో మొదటి విభజన ముగుస్తుంది. రెండోది శుక్రకణం లోపలికి వచ్చాకే పూర్తవుతుంది. నలభై ఏళ్ల తల్లి అండంలో ఆ ముడి వయసు నలభైకి పైమాటే. అసలునూ నకలునూ అంటిపెట్టే కొహీసిన్ అనే ప్రోటీన్ అన్నేళ్లలో సడలి, జోడీ రెండూ ఒకే వైపు పోయే ప్రమాదం పెరుగుతుంది. 1959లో పారిస్‌లో డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులుంటాయని తేలింది. అందులో ఎక్కువ భాగం తల్లి అండంలో జరిగిన ఈ పొరపాటే. నలభై ఏళ్ల తల్లికి ఆ అవకాశం వందలో ఒకటి దాకా ఉంటుంది.

జోడీ అసలే కుదరకపోతే? గుర్రానికి 64 క్రోమోజోమ్‌లు, గాడిదకు 62, వాటికి పుట్టే కంచరగాడిదకు 63. దాని శరీరం సమవిభజనతో నిక్షేపంగా పెరుగుతుంది, బరువులు మోస్తుంది. బీజకణాల దగ్గరికి వచ్చేసరికి జతలు సరిగా కుదరవు, పని ఆగిపోతుంది. మన అమృతపాణి, కర్పూర చక్కెరకేళి అరటి రకాల్లో ప్రతి క్రోమోజోమూ మూడు ప్రతులుంటుంది. ముగ్గురిని ఇద్దరి పీటల మీద కూర్చోబెట్టలేం. అందుకే పండులో గింజ ఉండదు, తినడానికి మనకు హాయి. పిలక నాటితే వచ్చే మొక్క తల్లి మొక్కకు అచ్చమైన నకలు, దానికి పిలకా అంతే, అంతా సమవిభజనే. అమృతపాణికి పనామా తెగులు పట్టిందంటే తోటలో తట్టుకునే చెట్టు ఒక్కటి కూడా వేరుగా ఉండదు. కొత్త రకం కావాలనుకునే అరటి శాస్త్రవేత్తలు నోట్లో పెట్టుకోవడానికి పనికిరాని, కడుపునిండా గింజలుండే అడవి అరటిని వెతుక్కుంటూ పోవాల్సి వస్తోంది.