పాటకు వెల కట్టేదెవరు?

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున నాచారం, ఉప్పల్ ఇరుగుపొరుగు ప్రదేశాలు. నాచారంలో నందమూరి తారక రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియో పెక్కు చిత్రాలకు ఆశ్రయమైనది. ఉప్పల్ కూడలిలో కొన్ని ఏండ్ల క్రిందట మేము వేరొక దృశ్యం చూచినాము. కుర్రవారు గోరంత మెమొరీ కార్డును సెల్‌ఫోను దుకాణదారు చేతికిచ్చి, కొద్దిపాటి రూపాయలకు వందల పాటలు నింపించుకొని పోయేవారు. ఆ సొమ్ము దుకాణం గల్లాపెట్టె దాటేది కాదు. పాట వ్రాసిన కవికి గాని, స్వరం కూర్చిన విద్వాంసునికి గాని, రికార్డు కంపెనీకి గాని అందులో ఒక్క పైసా చేరే దారి లేదు. పాట వెల ఈ స్థితికి ఎట్లు వచ్చినదో విచారించడం ఉచితం.

గ్రామఫోను కాలంలో వెల కట్టడం సులభం. లక్కతో చేసిన పలక మీద, ఒక్కొక్క వైపున మూడు నిమిషాలకు కొంచెం మించిన పాట ఉండేది. లక్క ఖరీదు, కర్మాగారపు కూలి, రైలు కిరాయి, దుకాణదారు కమీషను అన్నీ కలిపితే వెల తేలేది. కొన్నవాడు ఒక వస్తువును ఇంటికి తెచ్చుకొన్నాననుకొనేవాడు. 1980 తరువాతి దశాబ్దంలో కాసెట్టు ఇంటింటికీ చేరినది. వస్తువు చౌక అయినది, దానితో పాట కూడ చౌక అయినది.

రేడియోకు వస్తువుతో పని లేదు కనుక ఈ చిక్కు ముందుగా మాకే ఎదురైనది. 1952లో సమాచార, ప్రసారశాఖ మంత్రి అయిన కేస్కర్‌గారి విధానానికీ, చిత్రనిర్మాతలకూ పొసగలేదు. నిర్మాతలు ప్రసారపు అనుమతులను ఉపసంహరించుకొన్నారు. శ్రోతలు సినిమా పాటల కోసం రేడియో సిలోన్ వైపు మరలినారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమైన తరువాతనే వారు తిరిగి వచ్చినారు. ఆ ఏటనే వచ్చిన కాపీరైటు చట్టం, బేరం కుదరనప్పుడు ప్రసారపు రుసుమును నిర్ణయించే అధికారం కాపీరైటు బోర్డుకు ఇచ్చినది. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకూ రికార్డు కంపెనీలకూ నడిచిన వివాదంలో, 2010 ఆగస్టు 25న ఆ బోర్డు ప్రకటనల నికరాదాయంలో నూటికి 2 వంతులు చెల్లిస్తే చాలునని తీర్పు చెప్పినది. అంటే రేడియో పాటకు ఒక మధ్యవర్తి ఉన్నాడన్నమాట.

ఇంటర్‌నెట్టు పాటకు అట్టి మధ్యవర్తి లేడు. అమెరికాలో 2003 ఏప్రిల్ 28న ఆపిల్ సంస్థ పాటల అంగడి తెరచి, ఏ పాటకైనా 99 సెంట్లని ఒకే వెల పెట్టినది. క్రొత్త పాటకు ఎక్కువ, పాతదానికి తక్కువ ఉండాలని కంపెనీలు పట్టుబట్టినవి. ఆరు సంవత్సరాలకు, 2009 ఏప్రిల్‌లో, 69, 99, 129 సెంట్లని మూడు మెట్లు ఏర్పడినవి. మన దేశంలో ఫ్లిప్‌కార్టు సంస్థ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అనే పేరుతో ఇట్టి అంగడి తెరచి, 2013 జూన్‌లో మూసివేసినది. కొద్ది రూపాయల వెలను ఒక్కొక్కరి వద్ద వసూలు చేయడం కష్టమైనది. ప్రక్కనే దొంగనకలు ఉచితంగా దొరుకుతున్నది.

2012లో చట్టాన్ని సవరించి, ప్రసార సంస్థలు చట్టబద్ధమైన రుసుము చెల్లించి పాటను వాడుకొనే హక్కు కల్పించినారు. పాటలను డౌన్‌లోడు చేసి ఇచ్చే వింక్ సంస్థ ఈ హక్కు తనకూ ఉన్నదన్నది. టిప్స్ అనే రికార్డు కంపెనీ కాదన్నది. 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పినది. 2022లో ద్విసభ్య ధర్మాసనం కూడ దానినే నిలిపినది. రేడియోకు వర్తించే నియమం డౌన్‌లోడుకు వర్తించదని తేలినది. అక్కడ వెల కేవలం బేరం.

ఈ బేరంలో కవి ఎక్కడ? పూర్వం కవి గాని, స్వరకర్త గాని ఒక్కసారి ప్రతిఫలం పుచ్చుకొని సర్వహక్కులనూ వదులుకొనే ఒప్పందాలే ఎక్కువ. సినిమాహాలులో చిత్రంతోపాటు వినబడినప్పుడు తప్ప, తక్కిన వాడుకలన్నిటిలోనూ రాయల్టీలో సమానభాగం వారికి చెందవలెననీ, దానిని వదులుకొంటామని వ్రాసి ఇచ్చినా చెల్లదనీ 2012 సవరణ శాసించినది. మా దృష్టిలో వెల హెచ్చుతగ్గుల వివాదాలన్నిటి కంటె ఈ ఒక్క మాట విలువైనది. వెల రెండు రూపాయలైనా, పది రూపాయలైనా, లెక్క తెలియకపోతే ఆ సమానభాగం కాగితం మీదనే మిగిలిపోతుంది.

పలక పోయినది, కాసెట్టు పోయినది. ఇక మిగిలినది పాట ఒక్కటే. పాఠకులు నెలసరి చందా కట్టి విన్నా, ప్రకటనలు భరించి విన్నా, వెల చెల్లిస్తూనే ఉన్నారు. అందులో పాట వ్రాసినవారి భాగం ఎంతో బహిరంగంగా చెప్పండని కంపెనీలను అడిగే హక్కు శ్రోతకు ఉన్నదని మా విశ్వాసం.