కాయిల్‌ఓవర్ సస్పెన్షన్: గోదావరి డెల్టాలో ఇంటివద్ద అమరిక

కాయిల్‌ఓవర్ అనేది షాక్ అబ్జార్బరు గొట్టమూ, దాని చుట్టూ ఉండే చుట్ట స్ప్రింగూ కలిసి ఒకే కట్టుగా పనిచేసే సస్పెన్షన్ భాగం. గొట్టం పైభాగాన మరలు కోసి ఉంటాయి కనుక, స్ప్రింగు కూర్చునే కింది పీటను స్పానరుతో తిప్పి పైకో కిందికో జరపవచ్చు. కారు నేల నుంచి ఎంత ఎత్తున నిలవాలో ఆ పీట స్థానమే నిర్ణయిస్తుంది. కార్ల పోటీల కోసం పుట్టిన ఈ ఏర్పాటును కారును కిందికి దించే అలంకారంగానే చాలామంది చూస్తారు గాని, ఉభయ గోదావరి జిల్లాల రోడ్ల మీద దాని అసలు ప్రయోజనం దించడంలో లేదు. ఎత్తును మిల్లీమీటర్ల లెక్కన ఎంచుకోగలగడంలో ఉంది.

ఈ ప్రాంతపు రోడ్ల మీద చిరకాలం తిరిగిన అంబాసిడర్ కారుకు ముందు చక్రాల వద్ద టార్షన్ బార్లు, అంటే మెలిపడి బరువును మోసే ఉక్కు కడ్డీలు, వెనుక కమాన్ కట్టలు ఉండేవి. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతిని ఇంటింటి కారులోకి తెచ్చింది. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఈ పద్ధతి 1950లో బ్రిటన్‌లో విడుదలైన ఫోర్డ్ కాన్సల్‌లో కనిపించింది. ఇందులో షాక్ గొట్టమే చక్రాన్ని నిలబెట్టే స్తంభం కూడా కనుక, మరలున్న స్ట్రట్‌ను పాతదాని స్థానంలో నేరుగా బిగించవచ్చు. వెనుక చక్రాల సంగతి వేరు. నేటి చిన్న కార్లలో ఎక్కువ భాగానికి వెనుక ట్విస్ట్ బీమ్ అనే ఒకే అడ్డదూలం ఉండి, స్ప్రింగు ఒకచోట, షాక్ మరొకచోట అమరి ఉంటాయి. అందుచేత కాయిల్‌ఓవర్ సెట్టుగా అమ్మేదానిలోనూ వెనక్కి వచ్చేది సాధారణంగా విడి స్ప్రింగు, మరలున్న పీట, విడి షాక్ మాత్రమే.

డెల్టా రోడ్ల తీరు ఈ విషయంలో నిర్ణాయకం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన కాలువల గట్ల మీదనే ఇక్కడి ఊరి రోడ్లు చాలావరకు సాగుతాయి. గట్టు కింది బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కనుక తారు అంచులు జారి, రోడ్డు అలలుగా మారుతుంది. కల్వర్టు గట్టి పునాది మీద కదలకుండా నిలిచి, దానికి ఇరువైపులా పోసిన మట్టి మాత్రం ఏళ్ల తరబడి అణగుతూ పోవడం వల్ల, ప్రతి కల్వర్టు ముందూ వెనుకా ఒక మెట్టు ఏర్పడుతుంది. ఇవి చాలవన్నట్టు, దమ్ము చక్రాలు విప్పకుండా ట్రాక్టర్లు రోడ్డెక్కినచోట తారు గాట్లు పడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తు మించరాదు. ఊళ్లలో ఎవరికి వారు పోసుకున్న దిమ్మెలు ఈ కొలతను పాటిస్తాయని ఆశించడం అత్యాశ. ఖాళీ కారుకు నేల నుంచి 160–170 మిల్లీమీటర్ల ఖాళీ ఉందనుకుంటే, 40 మిల్లీమీటర్లు దించి, అయిదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టాక అడుగుభాగం దిమ్మెకు తగలడానికి పెద్దగా మిగిలేదేమీ ఉండదు.

ఇంటివద్ద బిగించే పనిలో మొదటి షరతు గట్టి నేల. డెల్టా పెరళ్లలోని మెత్తటి మట్టిలో జాకీ దిగబడుతుంది కాబట్టి కాంక్రీటు గచ్చు మీదనే పని మొదలుపెట్టాలి. జాకీ కారును ఎత్తడానికే గాని నిలపడానికి కాదు కనుక, తయారీదారు చూపిన ఆనుచోట్ల కింద స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డు వేయాలి. చక్రాల నట్లను కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. ఏ భాగమూ విప్పకముందు ప్రతి చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండరు అంచు వరకు కొలిచి రాసుకోవడం తప్పనిసరి. టైరులో గాలి ఎక్కువైనా తక్కువైనా ఈ కొలత మారదు.

ముందువైపు బ్రేకు గొట్టాన్నీ, ఏబీఎస్ సెన్సారు తీగనూ స్ట్రట్ నుంచి విడదీసి, స్టెబిలైజర్ లింకును ఊడదీశాక, చక్రపు నకిల్‌ను పట్టి ఉంచే బోల్టులు తీయాలి. మారుతి, హ్యుందాయ్ చిన్న కార్లలో ఇవి సాధారణంగా రెండు ఉంటాయి; ఫోక్స్‌వాగన్ పోలోలో స్ట్రట్ గొట్టం నకిల్‌లోని చీలిక బిగింపులోకి దిగి ఉంటుంది గనుక, ఆ చీలికను వెడల్పు చేసే పనిముట్టు కావాలి. నకిల్ బరువు బ్రేకు గొట్టం మీద వేలాడకుండా తాడుతో కట్టి, అప్పుడే పైన బానెట్ లోపలి నట్లు విప్పి స్ట్రట్‌ను దించాలి. స్ట్రట్ నడిమి నట్టును ఈ దశలో తాకరాదు, ఎందుకంటే లోపల స్ప్రింగు నొక్కుకొని ఉంటుంది. కొత్త సెట్టుకు పై మౌంటు విడిగా రాక, పాతదాన్నే వాడవలసి వస్తే, స్ప్రింగును కంప్రెసరుతో బిగించి విప్పాలి; ఇంటి పనిలో ప్రాణాపాయం ఉన్న ఘట్టం ఇది కనుక దీన్ని వర్క్‌షాపుకు వదిలేయడమే వివేకం.

బోల్టుల బిగింపు బలాన్ని ఆ కారు వర్క్‌షాపు మాన్యువల్ చూసి టార్క్ రెంచితోనే ఇవ్వాలి. రబ్బరు బుష్‌లున్న కీళ్ల బోల్టులను చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, కారు నేలకు దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. వాటికి చివరి బిగింపు బరువు చక్రాల మీద పడ్డాకే. ఇంట్లో చేసిన అమరికల్లో కొద్ది నెలలకే కిర్రుమనే చప్పుళ్లకు తరచు ఈ ఒక్క అశ్రద్ధే మూలం.

ఎత్తు సవరించే పద్ధతులు రెండు. పీట మాత్రమే జరిగే రకంలో కారును దించినకొద్దీ షాక్ కిందికి కదలగల దూరం తగ్గి, కల్వర్టు మెట్టు వద్ద చివరనున్న రబ్బరు ఆపుకు కొట్టుకుంటుంది. గొట్టం కింది పట్టు కూడా మరల మీద తిరిగే రకంలో ఎత్తు మారినా షాక్ కదలిక దూరం చెక్కుచెదరదు; ధర ఎక్కువైనా డెల్టా వాడకానికి ఇదే తగినది. పీటను బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందన్న నమ్మకం మెకానిక్కుల్లో విస్తృతంగా ఉంది గాని, మామూలు చుట్ట స్ప్రింగులో ముందు నొక్కుడు పెరిగితే మారేది ఎత్తే, గట్టిదనం కాదు. స్ప్రింగు గట్టిదనం రెట్టింపైతే కారు ఊగే వేగం దాదాపు 1.4 రెట్లవుతుంది, ఫ్యాక్టరీ కారు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది కనుక, పోటీ కార్ల స్ప్రింగు వేస్తే గట్టు రోడ్డు మీద నడుము విరుగుతుంది. షాక్ గట్టిదనం తిప్పే మీటను పూర్తిగా బిగించి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కిస్తూ రెండు వైపులా సమానంగా పెట్టుకోవడం ఆనవాయితీ.

మరీ దించిన మెక్‌ఫర్సన్ కారు మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుందన్నది వింతగా తోచినా నిజం. కింది చేయి వాలు మారడం వల్ల, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటరు, కారు బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారిపోతుంది. గట్టి స్ప్రింగు ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది తప్ప తొలగించదు. ఎత్తు మారిన ప్రతిసారీ చక్రాల టో, క్యాంబరు కోణాలు కూడా మారతాయి గనుక రాజమహేంద్రవరం, భీమవరం వంటి పట్టణాల్లోని టైర్ల దుకాణంలో అలైన్‌మెంట్ చేయించాలి. లేకుంటే టైరు లోపలి అంచు ముందుగా అరిగిపోతుంది.

చట్టం ఇందులో ఉదారమైనది కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చంటుంది. బిగించేముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థ వద్దా విచారించుకోవడం అవసరం.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి, వానాకాలపు బురదకు మరలు తుప్పుపట్టి పీట బిగుసుకుపోతే, ఎత్తు మార్చుకోవడానికి కొన్న కాయిల్‌ఓవర్ ఇక ఎత్తు మారని మామూలు స్ట్రట్టే. జర్మనీకి చెందిన కేడబ్ల్యూ వంటి సంస్థలు గొట్టాన్ని స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయడానికి కారణం ఇదే. జింకు పూత మాత్రమే ఉన్న సెట్టుకు వానాకాలానికి ముందు మరలను బ్రష్షుతో కడిగి, ఆరాక తుప్పు నిరోధక మైనపు స్ప్రే కొట్టి, పీటలను అటూ ఇటూ ఒక చుట్టు తిప్పి మళ్లీ కొలత దగ్గర బిగించాలి. గ్రీజు పూస్తే బురద ఇసుక అందులోనే అంటుకొని మరలను అరగదీస్తుంది.